నెల సరుకులు

"కూర్చో అపా" అంటూ గదాధర సాహు నీలం ప్లాస్టిక్ కుర్చీని భుజం మీది తువ్వాలుతో తుడిచి ముందుకు జరిపేసరికి, తన వెనకాల ఇంకెవరైనా వచ్చారేమోనని నిశామణి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మంచు దిగుతున్న సందు, సందు చివర కాఠజోడి నది రాతిగట్టు, గట్టు మీద ఎవరో తీయడం మరిచిపోయిన ఎర్రచీర. అంతే. కుర్చీ తనకే. అక్కగారిని పిలిచినట్టు ‘అపా’ అన్నదీ తననే.

ఆ కొట్టుకి ఆమె రావడం ఈనాటిది కాదు. అయితే ఆమె చోటెప్పుడూ సందువైపు చెక్కబల్ల దగ్గరే. పని నుంచి వస్తూ వస్తూ అక్కడ నిలబడి, ఆ పూటకి ఇంత నూనె, ఇంత పప్పు, రెండు ఉల్లిపాయలు అడిగి, కాగితం పొట్లాలు కొంగులో వేసుకుని పోయేది. అప్పట్లో సాహు ఆమెని "ఏటి నిశా" అనేవాడు. ఇవాళ ఆమె మూడు గుడ్డసంచులు, ఒక నూనె డబ్బా పట్టుకుని పక్కగుమ్మంలోంచి లోపలికే వచ్చి, నెలకి సరిపడా సరుకులు కావాలంది. ఆ మాట ఎలా అనాలో దారిపొడుగునా లోపల్లోపల అనుకుంటూ వచ్చింది. తీరా అన్నాక మామూలు మాటలాగే వినిపించింది. సాహుకి మాత్రం అలా వినిపించినట్టు లేదు. టీ కూడా చెప్పాడు.

ఆస్పత్రిలో పర్మినెంటు చేశారట కదా, అని అడిగాడు. ఆ కబురు తనకంటే ముందే సందులోకి వచ్చేసిందన్నమాట. నిశామణి తలూపింది. టీ గ్లాసు వేడిని రెండు అరచేతుల్లోకీ పట్టుకుంది.

సాహు బియ్యపు బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి ఆమె ముందు పరిచాడు. పైనా కిందా ఒకటే రకం, చూసుకోమన్నాడు. తర్వాత కాటా తట్టలోకి బియ్యం జారడం మొదలైంది. సన్నగా, ఆగకుండా, దూరాన ఎక్కడో వాన పడుతున్నట్టు ఆ చప్పుడు. నిశామణికి కళ్లు మూతలు పడ్డాయి. కందిపప్పు, పెసరపప్పు, బెల్లం, అటుకులు, పసుపు, పోపు దినుసులు. ఒక్కొక్కటీ తూగి సంచిలోకి దిగుతుంటే, ఆ బరువంతా తన ఒంట్లోనే ఎక్కడో ఖాళీగా పడి ఉన్న చోట్లలోకి దిగుతున్నట్టుంది.

అప్పుడే సందువైపు నుంచి గొంతు వినిపించింది. పావు కందిపప్పు, ఒక గరిటె ఆవనూనె.

ఝరణ గొంతు. నిశామణి ఉంటున్న వాకిట్లోనే పక్కగది ఆమెది. మొగుడు సూరత్‌లో మరమగ్గాల మీద పనికి పోయాడు. డబ్బు పంపితే పంపుతాడు, లేకపోతే లేదు. ఆమె సాల చెట్టు ఆకులు తెచ్చి విస్తళ్లు కుట్టి, సాయంత్రం మిఠాయి కొట్లో వేసి, ఆ పూట వచ్చినదానితో ఇటు వచ్చి ఆ పూటకి కొనుక్కుపోతుంది.

సాహు చేతిలోని చేటని నిశామణి ముందున్న బస్తాలో ముంచలేదు. బల్ల పక్కన మూతి మడిచిన ఇంకో బస్తా ఉంది. అందులోంచి తీశాడు. ఆ పప్పు రంగు వేరు. సగం నూక. తట్టలో పడగానే సన్నగా దుమ్ము లేచింది. నూనె గరిటె పూర్తిగా కారకముందే పైకి లేచిపోయింది. ధర చెప్పాడు. నిన్నటికంటే ఎక్కువ చెప్పావేమని ఝరణ గొణిగింది. ధరలు నా చేతిలో ఉన్నాయా, వద్దంటే ఉంచెయ్యమన్నాడు సాహు. ఆమె కొంగుముడి విప్పి ఇచ్చి వెళ్లిపోయింది.

నిశామణి మనసులో లెక్క దానంతటదే పడిపోయింది. తనకి కిలోకి చెప్పిన ధరకీ ఇప్పుడు పావుకి చెప్పిన ధరకీ పొంతనే లేదు. ఆ లెక్కన నాలుగు పావులు కొన్నవాళ్లు కిలోకి కాదు, కిలోంపావుకి డబ్బు కట్టినట్టు. అదీ ఆ నూకకి.

సబ్బుపెట్టెల దొంతర చాటున కూర్చుంది కాబట్టి ఝరణ తనని చూడలేదు అనుకుంది. అనుకోగానే హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు టీ గ్లాసు కింద పెట్టేసింది.

"పప్పు రెండు రకాలా సాహూ?" అంది చివరికి.

"అది చిల్లర బేరం అపా. నీది నెల బేరం" అన్నాడు సాహు నవ్వుతూ. గుప్పెడు ఎండుద్రాక్ష కాగితంలో చుట్టి, ఇది నా తరఫున అని సంచి పైన పెట్టాడు.

ఇంటికి వచ్చి ఆమె తలుపు గడియ పెట్టుకుంది. డబ్బాలన్నీ ముందురోజే తోమి ఎండబెట్టి ఉంచింది. బిస్కెట్ల డబ్బాలు, ఆస్పత్రిలో అడిగి తెచ్చుకున్న గ్లూకోజు పొడి డబ్బాలు. ఒక్కొక్కదాన్నీ అంచు దాకా నింపి, మూత పెట్టి, వేలి కణుపుతో తట్టి చూసింది. నిండిన డబ్బా మోగదు. కడుపు నిండినవాడు పిలిస్తే పలికినట్టు, బద్ధకంగా ‘ఊఁ’ అంటుంది. అన్నిట్నీ ఒకసారి తట్టింది. మళ్లీ రెండోసారి తట్టింది. తర్వాత చాప మీద పడుకుని అరల వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ తను కట్టిన పావులన్నీ కలిపితే ఎన్ని కిలోంపావులు అయి ఉంటాయో అని ఒక ఆలోచన గుమ్మం దాకా వచ్చింది. ఆమెకి ఆ లెక్క కట్టబుద్ధి కాలేదు. మంచు కిటికీలోంచి మెల్లిగా లోపలికి వస్తోంది. డబ్బాలు ఆ మంచులో నిలబడిన చిన్న చిన్న ఇళ్లలా కనిపించాయి.

ఆస్పత్రి రెండో అంతస్తు చివర, దుప్పట్లు భద్రపరిచే గదిలో ఆమె కుట్టుమిషను. ఉతుకు నుంచి వచ్చిన దుప్పట్లు పైకప్పు మీద తాళ్లకి ఆరి, ఎండ వాసనతో దిగుతాయి. మంచివి బీరువాలోకి, చిరిగినవి ఆమె బల్ల మీదికి. ఎక్కువగా వచ్చేవి నడుమ అరిగినవి. మనిషి ఒళ్లు ఒరుసుకుని ఒరుసుకుని దుప్పటి మధ్యభాగం దోమతెరలా పలచబడిపోతుంది. అంచులు మాత్రం కొత్తవాటిలా గట్టిగానే ఉంటాయి. అలాంటిదాన్ని ఆమె వెలుతురుకి ఎత్తి చూస్తుంది, నిలువునా రెండుగా చింపుతుంది. అంచుల్ని తెచ్చి నడుమ కలిపి చదునుగా కుడుతుంది. పలచబడినవి పక్కలకి పోతాయి, పరుపు కిందికి మడతలో పోతాయి. అక్కడ ఎవరూ పడుకోరు. ఆ దుప్పటి ఇంకో రెండేళ్లు బతుకుతుంది.

ఆ వారమంతా ఆమె కాళ్లు మిషను తొక్కుతున్నా మనసు ఎక్కడో తేలుతూనే ఉంది. అద్దె ఇచ్చేసింది. గ్యాసుకీ కరెంటుకీ తీసి పక్కన పెట్టింది. పోస్టాఫీసులో నెలనెలా వేసే మొత్తం వేసేసింది. సరుకులు డబ్బాల్లో ఉన్నాయి. ఇన్ని అయ్యాక ఇంకా కొంత మిగిలింది. మిగలడం అనేది ఆమెకి తెలియని సంగతి. దారిలో ఎవరో పోగొట్టుకున్నది దొరికినట్టు, ఏ క్షణాన్నయినా వెనక నుంచి ఎవరో పిలిచి అది నాదని అడుగుతారేమో అన్నట్టు ఉంది. రోజూ పొద్దున్న లేవగానే ఒకసారి రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని అంతా ఉందా అని తలుచుకునేది. ఉంది. అద్దె ఉంది, బియ్యం ఉంది, పని ఉంది. అప్పుడు మెల్లిగా లేచేది.

మిగిలినదానితో ఏం కొనాలో ఆమెకి తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చే దారిలో రోడ్డు వార బీహారు నుంచి వచ్చిన దూదేకులవాడు దూది ఏకుతూ ఉంటాడు. విల్లు తీగని కొట్టినప్పుడల్లా టొంయ్యి టొంయ్యిమని మోగి, దూది పింజెలు గాల్లోకి లేస్తాయి. చలికాలపు సాయంత్రం వీధిదీపం కింద ఆ పింజెలేవో, మంచేదో తెలియదు. అక్కడ తాడు మీద వేలాడుతున్న ఎర్ర రజాయి ఒకటుంది. ఆమె రోజూ ఆగి దాని అంచు వేళ్ల మధ్య పట్టుకుని చూసేది. మూడోరోజున అతను నవ్వి, ఎవరికీ అమ్మనులే తల్లీ, నీ కోసమే ఉంచుతానన్నాడు. శనివారం వస్తానంది. ఆ రాత్రి పాత బొంతలో పడుకుని కూడా ఆమె ఆ రజాయిలోనే నిద్రపోయింది.

మార్గశిర గురువారాలు లక్ష్మివి. బుధవారం సాయంత్రానికే వాకిలంతా అలికి, బియ్యప్పిండి ముగ్గుతో గుమ్మం నుంచి లోపలిదాకా లక్ష్మి పాదాలు వేయాలి. నిశామణి ఆ చిట్టిచిట్టి పాదాల్ని సందు నుంచి మొదలుపెట్టి, గుమ్మం దాటించి, డబ్బాల అర దాకా నడిపించింది. మర్నాడు చీకటితోనే తలారా స్నానం చేసి, ధాన్యం కొలిచే మానికని కొత్త వడ్లతో నింపి పీట మీద పెట్టింది. కిందటేడు ఆ మానికలో అడుగున కాగితాలు కుక్కి పైన నాలుగు గింజలు పోసింది. ఈ ఏడు వడ్లు అంచు దాటి, కుప్ప కట్టి, ఒకటీ రెండూ జారి పీట మీద పడ్డాయి. వాటిని ఏరి మళ్లీ కుప్ప మీద పెట్టింది. మళ్లీ జారాయి. అలా జారుతున్నందుకు ఆమె కళ్లు చెమర్చాయి.

ఆ రోజు ఆమె సెలవు పెట్టుకుంది. జీతం కోయని సెలవు. తను ఇక్కడ పీట ముందు కూర్చుని ఉంటే అక్కడ తన కూలి తనంతట తనే నడుస్తోందన్న ఊహ వింతగా ఉంది. నైవేద్యం పెట్టింది, పాయసం తిన్నది, ఎండలో గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. లక్ష్మి ఇంట్లో ఉన్న రోజు. ఆ రోజు ఇల్లు దాటి గింజ పోకూడదు, పైసా పోకూడదు. పొయ్యిలోని నిప్పు కూడా పొరుగింటికి ఇవ్వకూడదు. ఊడ్చిన చెత్త సైతం మర్నాటి దాకా మూలనే ఉండాలి. పోయేదానితోపాటు లక్ష్మి కూడా వెళ్లిపోతుందంటారు.

మధ్యాహ్నం దాటాక ఝరణ కూతురు మిని వచ్చి వాకిట్లో నిలబడింది. ఆరేళ్ల పిల్ల. పాదాల ముగ్గు తొక్కకుండా మడమల మీద నిలబడి లోపలికి చూస్తోంది. ఏం చేస్తోందే మీ అమ్మ, అని అడిగింది నిశామణి.

"పడుకుంది. పొయ్యి వెలిగించదంట. మా ఇంట్లో లక్ష్మి నిద్రపోతోందంట, పొగ పెడితే లేచి వెళిపోతాదంట" అంది మిని.

ఆ మాట నిశామణికి ఒక్క క్షణం ముచ్చటగా అనిపించింది. మరుక్షణం అర్థమైంది. నిన్న వచ్చిన డబ్బుతో ఝరణ కొబ్బరికాయ, పూలు, లక్ష్మికి పాయసం సరుకు తెచ్చుకుని ఉంటుంది. ఆ పాయసం పొద్దున్నే అయిపోయి ఉంటుంది. ఇవాళ గురువారం. మిఠాయి కొట్టువాడు పెట్టెలోంచి డబ్బు తీయడు. సాహు అరువివ్వడు. ఈ వాడలో ఏ ఇల్లూ గింజ విదల్చదు. ఝరణకి అది తెలుసు కాబట్టి ఎవర్నీ అడగదు.

నిశామణి లేచి అర దగ్గరికి వెళ్లింది. బియ్యం డబ్బా మూత మీద చెయ్యి వేసింది. అక్కడే ఆగిపోయింది. భయం. అది చిన్నది కాదు. ఈ డబ్బాలు నిండి ఇంకా వారం కాలేదు. ఈ పాదాలు ఇంత దూరం నడిచి రావడానికి నలభై ఆరేళ్లు పట్టింది. ఒక్క సోలెడు బియ్యం గుమ్మం దాటితే, ఆ పాదాలు వెనక్కి తిరిగితే? మూత మీద చెయ్యి చల్లబడింది. బయట మిని మడమలు మార్చుకుంటూ నిలబడే ఉంది.

గింజ ఇల్లు దాటకూడదు. మనిషి ఇంట్లోకి రాకూడదని ఎవరూ చెప్పలేదు కదా, అనుకుంది. అనుకున్నాక చెయ్యి వెచ్చబడింది. బియ్యం కడిగింది. కందిపప్పులో గుమ్మడి, వంకాయ, కంద ముక్కలు వేసి ఉడికించి, పోపు పెట్టింది. పోపు చిటపట వాకిలంతా పాకింది. మినిని పంపి ఝరణని పిలిపించింది.

ఝరణ వచ్చింది గానీ లోపలికి రాలేదు. గుమ్మం మీద పక్కవాటుగా కూర్చుంది. మిని పాదాల ముగ్గు పక్కగా నడిచొచ్చి, కంచం ముందు కూర్చుని, తల ఎత్తకుండా తినసాగింది. నిశామణి ఇంకో కంచంలో వడ్డించి ఝరణ ముందు పెట్టింది. ఝరణ దాన్ని ముట్టలేదు. ఖాళీగా ఉన్న ఆమె వేళ్లు ఒడిలో ఆకుకి పుల్ల గుచ్చుతున్నట్టు కదులుతున్నాయి.

"నువ్వు తినవేటి?" అంది నిశామణి.

"ఆదివారం నువ్వు సాహు కొట్లో కుర్చీలో కూర్చున్నావు అపా."

నిశామణి చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

"చూశావా?"

"చూడకేటి. సబ్బుపెట్టెల కింద నీ కాళ్లు కనిపించాయి. పసుపు పట్టీ చెప్పులు ఈ సందులో ఇంకెవరికున్నాయి?" ఝరణ గొంతులో కోపం లేదు. ఆకులు లెక్కపెడుతున్నట్టు మెల్లిగా, వరసగా చెబుతోంది. "అన్నం పెట్టావు, మంచిదే. పిల్ల తింటోంది. గానీ ఆ రోజు నువ్వొక్క మాటంటే సరిపోయేది. ‘దాని పావు కూడా నా బస్తాలోంచే తూచు సాహూ’ అని. నీకు పైసా ఖర్చు లేదు. అన్నీ వింటూ టీ తాగావు."

వాకిట్లో ఎండ కాస్త పక్కకి జరిగింది. మిని పప్పులోని గుమ్మడి ముక్కని ఏరి చివరికి దాచుకుంటోంది.

"భయమేసిందే" అంది నిశామణి.

"ఎందుకు?"

"ఆ కుర్చీ మళ్లీ తీసేస్తాడేమోనని."

ఝరణ ఆమె వంక చూసింది. తర్వాత పెదవి చివర్న సన్నగా నవ్వు వచ్చింది. "ప్లాస్టిక్ కుర్చీ అపా అది. ఓ కాలు విరిగితే తీగ కట్టాడు, చూసుకోలేదా?" అంది. కంచం ముందుకి లాక్కుని తినడం మొదలుపెట్టింది. కడుపులో ఉన్నది అనేసింది కాబట్టి తినగలిగినట్టుంది. పప్పు రెండుసార్లు వేయించుకుంది.

శుక్రవారం పనిలో నిశామణి రెండుసార్లు సూది విరగ్గొట్టుకుంది. సాయంత్రం రాగానే నేరుగా ఝరణ గదికి వెళ్లి, ఆకుల కట్టల మధ్య చోటు చేసుకుని కూర్చుని, తన దగ్గర మిగిలిన డబ్బుతో ఝరణకీ నెల సరుకులు ఒకేసారి కొందామని చెప్పింది. ఝరణ వద్దంది. ఊరికే ఇస్తే తీసుకోనంది. ఊరికే ఎవరిస్తున్నారంది నిశామణి. రోజూ సాహు బల్ల మీద పెట్టేది తన చేతిలో పెట్టమంది, తీరేదాకా. ఝరణ పుల్లని పళ్లతో విరుస్తూ ఆలోచించింది.

"ఆకులు దొరకని రోజుంటాది. అప్పుడేటి చేస్తావు?"

"తిడతాను."

"అదైతే సరే" అంది ఝరణ.

శనివారం ఇద్దరూ కలిసి బయల్దేరారు. దారిలో దూదేకులవాడు విల్లు ఆపి, ఎర్ర రజాయిని తాడు మీద నుంచి దించబోయాడు. వచ్చే నెల తీసుకుంటానని చెప్పి నిశామణి ముందుకి నడిచింది. నాలుగడుగులు వేశాక తను ఏమన్నదో తనకే వినిపించింది. వచ్చే నెల. ఆ మాట ఇదివరకూ చాలాసార్లు అంది. అద్దెకిచ్చిన ఇంటాయనతో, గ్యాసువాడితో, మందుల కొట్లో. అన్నప్పుడల్లా అది బతిమాలడమే. ఇవాళ కాదు. వచ్చే నెల అనేది ఆ రోడ్డు మలుపు అవతల నిజంగానే ఉంది. అక్కడ ఒకటో తారీకు ఉంది, జీతం ఉంది, ఇంకో రజాయి ఉంటుంది. దూది పింజె ఒకటి వచ్చి ఆమె జుట్టు మీద వాలింది. ఝరణ దాన్ని తీసి పారేసింది.

సాహు కుర్చీ వేయబోయి, వెనక ఝరణని చూసి ఆగాడు. ఇద్దరూ పక్కగుమ్మంలోంచే వచ్చారు. నిశామణి కూర్చోలేదు. ఇంకో నెలకి సరుకులు కావాలి, ఝరణకి, ఆదివారం నాకిచ్చిన ధరకే, అంది. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు గానీ మాట మాత్రం చివరిదాకా వచ్చింది.

సాహు తువ్వాలు భుజం మార్చుకున్నాడు. అది కుదరదన్నాడు. చిల్లర ఖాతావాళ్లని నెల ఖాతాలో వేస్తే రేపు వాడంతా వచ్చి పక్కగుమ్మంలో నిలబడుతుందన్నాడు.

"ఏటపా, ఉద్యోగం గట్టిపడగానే వాడందరికీ నువ్వే పూచీనా?"

"వాడందరికీ కాదు. దీనికి. డబ్బు ముందే ఇస్తున్నాను."

సాహు తువ్వాలుతో కాటా తట్ట తుడిచాడు. అతను చెడ్డవాడేమీ కాదు. వాడలో ఎవరింట్లో చావైనా ముందు అతని కొట్టు నుంచే గుడ్డా, నెయ్యీ వెళతాయి. "నన్నంటావు గానీ, మాల్‌గోదాం టోకు బజారులో నాకు జరిగే మర్యాద కూడా అదే" అన్నాడు. "లారీ దింపుకునేవాడికి కుర్చీ, టీ. నాలాంటి నాలుగు బస్తాలవాణ్ణి ఎండలో నిలబెడతారు. ఆ బస్తాలు నాకే ధరకి పడతాయో తెలుసా?"

"మరి నీకు తెలుసు గదా సాహూ, నిలబడితే ఎలా ఉంటాదో" అంది ఝరణ.

సాహు చేట తీసుకుని బల్ల పక్కనున్న బస్తా వైపు అలవాటుగా రెండడుగులు వేశాడు.

"అది కాదు. ఇది" అంది నిశామణి, మంచి పప్పు బస్తా మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి అక్కడే ఉంచింది. సాహు వచ్చి ఆ చేతి పక్కనే చేట ముంచాడు. ఝరణ కాటా మీదికి వంగి ముల్లు ఎక్కడ నిలుస్తుందో కళ్లార్పకుండా చూసింది. ప్రతి సరుక్కీ అలాగే చూసింది. నూనె పోసేటప్పుడు, గరిటె చివరి చుక్క దాకా కారనియ్యమంది. సాహు కారనిచ్చాడు. ఎండుద్రాక్ష ఇవ్వలేదు. ఝరణ అడిగి ఇప్పించుకుంది.

తీరా ఇంటికి మోసుకొచ్చాక ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. ఇంత సరుకు పోసుకోవడానికి ఝరణ గదిలో డబ్బాలు లేవు. రెండు సీసాలు, ఒక సత్తు గిన్నె, అంతే. పొట్లం విప్పి నేరుగా పొయ్యి మీదికి పోసే ఇంట్లో డబ్బాలెందుకుంటాయి? సంచుల్లో వదిలేస్తే ఎలకలు. ఝరణ నడుం మీద చేతులు పెట్టుకుని గది మధ్య నిలబడి నాలుగు మూలలూ చూసింది. "ఇంత తెచ్చి ఎక్కడ పెట్టుకోను అపా?" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చాలాసేపటి దాకా ఆగలేదు. ఆగేసరికి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

తర్వాత మంచం కింద నుంచి పెళ్లినాటి రేకుపెట్టె లాగింది. అందులోని రెండు పట్టుచీరల్నీ, సూరత్ నుంచి మొగుడు మొదటేడు పంపిన గుడ్డ తానునీ తీసి దండెం మీద వేసింది. పెట్టె తుడిచి, అడుగున వేపాకు పరిచి, బియ్యం సంచి మూతి విప్పింది. నిశామణి ఒక పక్క పట్టుకుంది. బియ్యం పెట్టెలోకి జారాయి. మిని ఆ ధారలో చెయ్యి పెట్టింది. బియ్యం పెరిగేకొద్దీ చెయ్యి మణికట్టు దాకా, మోచేతి దాకా మునిగిపోయింది. సంచి ఖాళీ అయ్యాక కూడా పిల్ల చెయ్యి తీయలేదు. బయట చలిగా ఉంది, లోపల వెచ్చగా ఉందంది.

మర్నాడు సాయంత్రం మంచు ఇంకా ముందుగానే దిగింది. నది అవతలి ఒడ్డు కనిపించడం లేదు. నిశామణి వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. మిఠాయి కొట్టు నుంచి వచ్చిన ఝరణ, చెప్పిన ప్రకారం ఆ రోజు డబ్బు ఆమె చేతిలో పెట్టి తన గదిలోకి వెళ్లింది. కాస్త సేపటికి ఆ వేళకి ఎప్పుడూ సాహు కొట్టుకి వెళ్లినట్టే, చేతిసంచి పట్టుకుని బయటికి వచ్చి సందులోకి నడిచింది. మంచులో మాయమైంది. అడుగుల చప్పుడు కొంత దూరం వినిపించి, ఆగిపోయింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. మళ్లీ అడుగులు, ఈసారి ఇటువైపు.

ఝరణ వచ్చి నిశామణి పక్కన మెట్టు మీద కూర్చుంది. ఖాళీ సంచిని ఒడిలో పెట్టుకుని, నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఈ వేళప్పుడు మరేటి చేస్తారపా?" అని అడిగింది.

నిశామణి ఆలోచించింది. ఆ సంగతి ఆమెకీ కొత్తే.

"ఏటీ చెయ్యరు" అంది.

ఝరణ సంచి పక్కన పెట్టి, కాళ్లు బారచాపుకుని, నది ఉన్న వైపు చూస్తూ ఏమీ చెయ్యకుండా కూర్చుంది.